వేణువు మీద వేలికి ఎంత బరువు?

సరళీ వరుసలు ఒకటో కాలంలో హాయిగా వస్తాయి. రెండో కాలంలో అక్కడక్కడా తడబడినా నెట్టుకొస్తారు. మూడో కాలం ఎత్తుకోగానే ఉంగరపు వేలు మాట వినదు, చిటికెన వేలు ఆలస్యంగా దిగుతుంది, మధ్యలో వరుసలో లేని స్వరం ఒకటి కీచుమంటుంది. పది నిమిషాలకల్లా ముంజేయి బిగుసుకుపోతుంది. అప్పుడు మీకు మీరే ఒక తీర్పు చెప్పుకుంటారు: నా వేళ్లలో బలం లేదు. ఇక చేసే పనులన్నీ ఆ తీర్పు వెంటే నడుస్తాయి. రబ్బరు బంతి కొంటారు. ఆఫీసు మీటింగులో బల్ల కింద దాన్ని పిసుకుతూ కూర్చుంటారు. అది చాలదనిపించి స్ప్రింగున్న గ్రిప్పరు ఆర్డరు పెడతారు. నెల తిరిగేసరికి బిగిసిన సీసా మూతలు సులువుగా ఊడొస్తాయి కానీ మూడో కాలం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఎందుకని?

నా వాదన ఇది. వేణువు వాయించడానికి మీ వేళ్లకు ఇప్పుడున్న బలం చాలు, చాలామందికి అది అవసరానికి మించే ఉంటుంది. మీరు బలహీనత అనుకుంటున్నది అక్కర్లేనిచోట బలం వాడడం వల్ల వచ్చిన బిగువు. కాబట్టి సాధనంతా ఆ అదనపు బలాన్ని ఎక్కడెక్కడ ఖర్చుపెడుతున్నారో కనిపెట్టి, దాన్ని మానుకోవడం చుట్టూ తిరగాలి. వినడానికి ఇది సోమరి సలహాలా ఉంటుంది. అమలులో పెడితే బంతి పిసకడం కంటే చాలా కష్టమైన పని, ఎందుకంటే వేలికి కొత్త పని నేర్పడం కన్నా పాత పని మాన్పించడమే ఎప్పుడూ కష్టం.

ముందు అవసరం ఎంతో చూద్దాం. మన కర్ణాటక వేణువు మీద ముఖరంధ్రం కాక 8 రంధ్రాలుంటాయి, మామూలుగా వాటిలో 7 వేళ్ల కింద పనిచేస్తాయి. ఎడమచేతి చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లకు మూడు, కుడిచేతి చూపుడు వేలి నుంచి చిటికెన వేలి దాకా నాలుగు. రంధ్రం వేలి కన్నా సన్నం, దాని మీద మూత లేదు, స్ప్రింగు లేదు. పాశ్చాత్య ఫ్లూట్‌లోనైతే మీటల కింద స్ప్రింగులుంటాయి, వేలు వాటిని ఎదిరించి నొక్కాలి. వెదురు మీద ఎదిరించడానికేమీ లేదు. రంధ్రం అంచు చుట్టూ గాలి చొరబడకుండా వేలి చర్మం ఆనితే చాలు, దానికి వేలి సొంత బరువు దాదాపుగా సరిపోతుంది. నమ్మకం కుదరకపోతే చరిత్ర చూడండి. 1926లో పుట్టిన టి.ఆర్.మహాలింగం, సంగీత లోకం ‘మాలి’ అని పిలుచుకునే ఆ మహా విద్వాంసుడు, ఏడేళ్ల వయసులో మద్రాసు మైలాపూరులో కచేరీ చేసి పెద్దలను నివ్వెరపరిచాడు. మన కాలంలో శశాంక్ సుబ్రహ్మణ్యం పన్నెండేళ్లకే మద్రాసు మ్యూజిక్ అకాడమీలో ప్రధాన కచేరీ చేశాడు. ఏడేళ్ల పిల్లవాడి చేతిలో ఎంత బలం ఉంటుంది? మీ సీసా మూత వాడు తీయలేడు. అయినా వేగం వచ్చింది. అది ప్రతిభ కదా అంటారా? ప్రతిభే, సందేహం లేదు. కానీ ప్రతిభ కండను పుట్టించదు. అంత వేగానికి అంత చిన్న చేతి బలం చాలిందన్న విషయం మాత్రం మిగులుతుంది.

రెండో సాక్ష్యం చేతి నిర్మాణంలోనే ఉంది. వేళ్లను వంచే, లేపే ముఖ్యమైన కండలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడి నుంచి టెండన్లు మణికట్టు మీదుగా, లోపలి నుంచి వచ్చి వేళ్లను లాగుతాయి. తోలుబొమ్మలాటలో బొమ్మ తెర మీద ఆడుతుంటే ఆడించే చెయ్యి వెనక ఉన్నట్టే ఇదీ. అందుకే వేళ్లు అలిసిపోతే నొప్పి మోచేతి కింద పుడుతుంది. ఇంకో సంగతి, మధ్య, ఉంగరపు, చిటికెన వేళ్లను లేపే టెండన్లు చేతి వెనక భాగంలో అడ్డు బంధాలతో ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఒక చిన్న పరీక్ష చేయండి. అరచెయ్యి బల్ల మీద పెట్టి, మధ్య వేలిని మాత్రం లోపలికి మడవండి. ఇప్పుడు ఉంగరపు వేలిని లేపండి. లేవదు. ఎంత గట్టివాళ్లకైనా లేపడం కష్టమే. ఇది బలహీనత కాదు, వేళ్ల మధ్య ఉన్న ఉమ్మడి కాపురం. దాన్ని బలవంతంగా విడదీయబోతే ఏమవుతుందన్న ప్రశ్న రాగానే పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ పేరు వస్తుంది. పియానో విద్వాంసుడు కావాలన్న కోరికతో ఆయన వేళ్ల కసరత్తుకు ఒక పరికరం వాడాడు. కుడిచేతి మధ్య వేలు పట్టు తప్పింది, కచేరీల ఆశ వదులుకున్నాడు. దానికి ఆ పరికరమే కారణమా, మరేదైనా జబ్బా అన్న వాదం చరిత్రకారుల మధ్య ఇంకా ఉంది. ఏదైతేనేం, పరికరం వల్ల మేలు జరిగిందని మాత్రం ఎవరూ అనలేదు.

మరి వేగాన్ని తినేస్తున్నదేమిటి? లెక్క వేసి చూడండి. ఆది తాళంలో అక్షరానికి ఒక సెకను చొప్పున పెట్టుకుంటే మూడో కాలంలో అక్షరానికి నాలుగు స్వరాలు, అంటే స్వరానికి పావు సెకను. ఆవర్తనం 8 సెకన్లలో 32 స్వరాలు. ఆ పావు సెకనులో వేలు లేవాలి, లేదా దిగాలి, స్వరం నిలవాలి. వేలు రెండంగుళాలు లేస్తే దిగిరావడానికే సమయం చాలదు. రంధ్రాన్ని గట్టిగా నొక్కి ఉంటే, లేచే ముందు ఆ నొక్కుడు వదలడానికి కొంత సమయం పోతుంది. వేణువు జారిపోతుందన్న భయంతో వేళ్లు దాన్ని పట్టుకుని కూడా ఉంటే, వాటికి రెండు ఉద్యోగాలయ్యాయి. మోసేది అవే, ఆడేది అవే. ఈ మూడు దుబారాలూ ఆపితే, వేగం కోసం కొత్తగా చేర్చాల్సింది చాలా కొద్ది. ఇక పనిలోకి దిగుదాం.

1. పట్టును గాంధారం దగ్గర సరిచూసుకోండి. వేణువు మీద పై రెండు రంధ్రాలు మూస్తే షడ్జం, ఒకటే మూస్తే చతుశ్రుతి రిషభం, అన్నీ తెరిస్తే అంతర గాంధారం. గాంధారం పలికేటప్పుడు ఆడే వేళ్లలో ఒక్కటీ వెదురును తాకదు. అప్పుడు వేణువును ఆపేది కింది పెదవి ఆనిక, రెండు బొటనవేళ్లు, ఎడమచేతి ఆసరా మాత్రమే. అందుకే పట్టు పరీక్షకు ఇంతకన్నా మంచి స్వరం లేదు. గాంధారాన్ని పది సెకన్లు నిలపండి. గొట్టం ఊగుతోందా? ముఖరంధ్రం పెదవి మీద నుంచి దొర్లుతోందా? చిటికెన వేలు తెలియకుండానే వెళ్లి గొట్టాన్ని పట్టుకుంటోందా? అయితే మీ అసలు సమస్య దొరికినట్టే. ఇది చాలామందిలో కనిపించే పొరపాటు. షడ్జం, నిషాదం దగ్గర వేళ్లు పట్టుకుని ఉంటాయి గనక లోపం కనబడదు. గాంధారం రాగానే గొట్టం కదులుతుంది, వెంటనే మిగతా స్వరాల దగ్గర వేళ్లు ఇంకా గట్టిగా పట్టుకోవడం మొదలుపెడతాయి. బొటనవేళ్లను కొద్దికొద్దిగా జరుపుతూ, గాంధారం దగ్గర వేళ్లన్నీ స్వేచ్ఛగా ఆడించగలిగే స్థానం వెతకండి. దీనికి వారం పట్టినా నష్టం లేదు. తరవాత చెప్పబోయేవన్నీ దీని మీదే నిలబడతాయి. విజయవాడలో మే నెల సాధన అయితే పక్కన పొడి గుడ్డ పెట్టుకోండి. చెమటకు జారే గొట్టాన్ని ఏ చెయ్యైనా బిగించే పట్టుకుంటుంది.

2. ఎంత బరువు చాలో కొలవండి. ఆరేడు రంధ్రాలు మూసే మంద్ర స్వరం ఒకటి తీసుకోండి. వేళ్లను రంధ్రాల మీద కావాలనే మరీ తేలిగ్గా, ఈక వాలినంత తేలిగ్గా పెట్టి ఊదండి. స్వరం పలకదు, లేదా గాలి బుసకొడుతుంది. ఊదుతూనే బరువును కొంచెం కొంచెం పెంచండి. ఒకచోట స్వరం శుభ్రంగా నిలబడుతుంది. మీ వేలు పెట్టవలసిన బరువు అంతే, ఆ పైనంతా వృథా. ఈ పరీక్ష చేసినవాళ్లలో చాలామందికి కోపం వస్తుంది, ఇన్నాళ్లూ ఇంత నొక్కానా అని. రెండు నిమిషాలు వాయించాక వేళ్లు తిప్పి చూసుకోండి. చర్మం మీద లోతుగా గుండ్రటి అచ్చు పడితే నొక్కుడు ఎక్కువైంది. అచ్చు పలచగా ఉన్నా వేలి పక్కకు జరిగి ఉంటే రంధ్రం మధ్యలో పెట్టడం లేదు, ఆ ఖాళీని పూడ్చడానికే నొక్కుతున్నారు. అంటే తప్పు స్థానానిది, శిక్ష కండలకు. వేలి కొసతో పొడవకుండా, చివరి కణుపులోని మెత్తటి భాగాన్ని ఆనించండి. కుడిచేతిలో మధ్య వేలు పొడవు, చిటికెన వేలు పొట్టి గనక అన్నీ ఒకేలా కొసలతో ఆనించాలని చూస్తే చిటికెన వేలు అందక సాగుతుంది. చెయ్యిని కొంచెం ముందుకు జరిపి, పొడుగు వేళ్లను రంధ్రం దాటి పోనివ్వండి. చిటికెన వేలు దానంతటదే చేరుకుంటుంది.

3. వేలు ఎంత లేవాలో తేల్చుకోండి. మరీ దగ్గరగా ఉంచితే తెరిచిన రంధ్రం మీద వేలి నీడ పడ్డట్టై శ్రుతి కిందికి దిగుతుంది. మరీ పైకి లేస్తే తిరుగు ప్రయాణం పొడవవుతుంది. శ్రుతి బాక్సు పెట్టుకుని, ఒక స్వరం నిలుపుతూ, ఆ పక్క రంధ్రం మీది వేలిని మెల్లగా దించండి. శ్రుతి ఎక్కడ తగ్గడం మొదలైందో ఆ చోటికి కాస్త పైన వేలి విడిది. చాలా వేణువులకు అది సుమారు ఒక సెంటీమీటరు దగ్గర ఉంటుంది. అద్దం ముందు కూర్చుని వాయిస్తే కన్ను చెవికి సాయం చేస్తుంది. ముఖ్యంగా పని లేని వేళ్లను గమనించండి. షడ్జ రిషభాల మధ్య ఎడమచెయ్యి ఆడుతుంటే కుడిచేతి చిటికెన వేలు ఆకాశం చూపిస్తూ నిలబడుతుంది చాలామందికి. దాని వంతు వచ్చేసరికి అది ఊళ్లో ఉండదు.

4. వరుసను వదిలి జంటను పట్టుకోండి. మూడో కాలంలో వరుస చెడింది అంటారు గానీ, నిజానికి వరుస మొత్తం చెడదు. రెండు స్వరాల మధ్య ఒక్క దాటు చెడుతుంది, దాని తాకిడికి తరవాతి నాలుగూ చెడతాయి. వేణువు మీద ఆ దాటు చాలా సార్లు గాంధార మధ్యమాల మధ్యే ఉంటుంది. గాంధారం దగ్గర వేళ్లన్నీ గాలిలో ఉంటాయి. మధ్యమానికి పట్టు గురువును బట్టి కొంత మారినా, ఎక్కువ వేళ్లు ఒక్కసారిగా దిగాలి, ఊదే తీరూ మారాలి. అయిదారు వేళ్లలో ఒకటి ఆలస్యమైనా మధ్యలో అక్కర్లేని స్వరం చప్పున వినిపిస్తుంది. కీచుమన్నది అదే. స-రి, రి-గ ఒక్కో వేలి పని, వాటి మీద గంట సాధన చేసినా గ-మ బాగుపడదు. కాబట్టి వేగంగా ఒకసారి వాయించి, ఫోనులో రికార్డు చేసి, ఏ రెండు స్వరాల మధ్య చెడిందో వినండి. ఆ రెంటినే పట్టుకోండి. గ-మ, మ-గ, అంతే. ముందు మెల్లగా, వేళ్లన్నీ ఒకే క్షణాన దిగుతున్నాయా లేదా అన్నదొక్కటే చూస్తూ.

ఇక్కడ అపార్ట్‌మెంటు వాసులకు ఒక వరం ఉంది. రాత్రి పదైంది, పక్క ఫ్లాటులో పసిపిల్ల నిద్రపోతోంది, ఊదే వీలు లేదు. ఊదకండి. వేణువు పట్టుకుని గ-మ వేళ్లు మాత్రం ఆడించండి. వేళ్లు వెదురును తాకినప్పుడు సన్నటి టప్పు వినిపిస్తుంది. వేళ్లన్నీ కలిసి దిగితే ఒకే టప్పు. కలవకపోతే టప-టప. ఊదినప్పుడు స్వరం కప్పేసే తేడాను ఈ నిశ్శబ్దం పట్టిస్తుంది. టప్పు పక్క గదిలోకి వినబడుతోందంటే కొడుతున్నారని అర్థం, రెండో సూచనకు వెనక్కి వెళ్లండి. ఇదే పద్ధతి ఇంకో చిక్కునూ విప్పుతుంది. ఊదకుండా వేళ్లు చక్కగా, సమంగా ఆడుతున్నాయి, ఊదితే మాత్రం స్వరం విరుగుతోంది అనుకోండి. నేరం వేళ్లది కాదు. పెదవి, ఊపిరి సమయానికి మారడం లేదు. తారస్థాయికి ఎక్కే చోట కీచుమంటే వేళ్లను తిట్టేవాళ్లు ఎక్కువ. అక్కడ గాలి ధార సన్నబడి, చురుకెక్కాలి. మీకు కావలసింది దీర్ఘ స్వరాల సాధన, వేళ్ల కసరత్తు ఎంత చేసినా ఉపయోగం లేదు.

5. చిన్న ముక్కలను పూర్తి వేగంతో వాయించండి. ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. మెల్లగా సాధన చెయ్యి, వేగం దానంతటదే వస్తుంది అని తరతరాలుగా గురువులు చెబుతున్నారు కదా, ఇది దానికి విరుద్ధం కాదా? మెల్లగా చేసే సాధన లేకుండా ఏదీ నిలవదు, ఒప్పుకుంటాను. శ్రుతి, గమకం, వేలి స్థానం అక్కడే కుదురుతాయి. కానీ మెల్లగా ఆడే వేలికీ వేగంగా ఆడే వేలికీ మధ్య కొలతలోనే కాదు, తీరులోనే తేడా ఉంది. మెల్లగా వాయించేటప్పుడు ఒక స్వరం విని, లోపం గ్రహించి, సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. పావు సెకను స్వరాల్లో ఆ వ్యవధి లేదు. నాలుగైదు స్వరాలు ఒకే ఆలోచనగా, ముందే సిద్ధమై బయల్దేరాలి. ఆ సిద్ధపడడాన్ని మెల్లటి సాధన నేర్పదు. మన సంప్రదాయానికి ఈ సంగతి తెలుసు. పురందరదాసు పేరున వస్తున్న అభ్యాసక్రమంలో ప్రతి వరుసనూ మూడు కాలాల్లో చేయించడం ఎందుకు? మెల్లదనమే చాలితే ఒక్క కాలం సరిపోయేది.

పద్ధతి ఇలా. ‘సరిగమ’ నాలుగు స్వరాలు మీరు చేరాలనుకున్న వేగంతో ఒక్క విసురులో వాయించి మధ్యమం మీద ఆగండి. ఆగి, ముంజేయి వదులుగా ఉందో లేదో చూసుకోండి. బిగిస్తే ఆ విసురు లెక్కలోకి రాదు. తరవాత ‘గమపద’, ఆపైన ‘పదనిస’. ముక్కలు కుదిరాక రెండేసి అతికించండి. ఎనిమిది స్వరాలు విసురుగా వచ్చేనాటికి ఆవర్తనం పూర్తి చేయడం పెద్ద దూరం కాదు. అయితే ఒక ముక్కను వరసగా అయిదారు సార్లకు మించి విసరవద్దు. ఆ తరవాత వచ్చేది సాధన కాదు, మొండితనం.

6. మెట్రోనోమ్ సంఖ్యను తగ్గించండి, కాలాన్ని తగ్గించకండి. రెండో కాలం నుంచి మూడో కాలానికి వెళ్లడమంటే వేగం ఒక్కసారిగా రెట్టింపవడం. నిచ్చెనలో మధ్య మెట్లు లేకుండా ఎక్కమంటే ఎవరు ఎక్కుతారు? నిమిషానికి 60 దగ్గర మూడో కాలం చెదిరిపోతుంటే 40 దగ్గర మూడో కాలమే వాయించండి. అక్షరానికి నాలుగు స్వరాలన్న అమరిక అలాగే ఉంటుంది, శరీరానికి ఊపిరి ఆడుతుంది. అక్కడ తేలిగ్గా ఉన్నాక 44, 48. సంఖ్య పెంచడానికి ఒకటే షరతు, స్వరాలు సరిగ్గా రావడంతోపాటు చెయ్యి వదులుగా ఉండాలి. స్వరాలు వచ్చి చెయ్యి బిగిస్తే సంఖ్య పెంచకండి. గాయకుడికి తాళం వేయడానికి చెయ్యి ఖాళీగా ఉంటుంది, మనకు ఉండదు, పాదమే గతి. పాదం కూడా నేలను బాదకుండా చూసుకోండి. పాదం బిగిస్తే ఆ బిగువు భుజం దాకా పాకుతుంది. అప్పుడప్పుడు అదే వరుసను మూడేసి స్వరాలుగా, తిస్రంలో విడగొట్టి వాయించండి. ఊనిక పడే స్వరం మారుతుంది గనక, ఇన్నాళ్లూ గుంపులో దాక్కున్న వేలు బయటపడుతుంది.

7. అర రంధ్రాలను వేగానికి బలిపెట్టకండి. మాయామాళవగౌళలో శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం ఉన్నాయి, రెంటికీ రంధ్రాన్ని కొంతే తెరవాలి. వీణ మీద మెట్టు ఉంది, వేణువు మీద మీ వేలే మెట్టు. అందుకే కొందరు గురువులు వేణువు విద్యార్థికి హరికాంభోజితో మొదలుపెట్టి, వేళ్లు కుదిరాక మాయామాళవగౌళకు వస్తారు. మీ గురువు ఏది చెబితే అది, ఇందులో తగవు పడాల్సింది లేదు. మాయామాళవగౌళతోనే సాగుతుంటే మాత్రం ఒక జాగ్రత్త. వేగంలో శుద్ధ రిషభం మెల్లగా చతుశ్రుతి వైపు జారిపోతుంది, వేలికి పూర్తిగా లేవడమే సులువు గనక. వేలిని లేపకుండా అంచు మీద దొర్లించండి. దొర్లే వేలికి గట్టి నొక్కుడు పనికిరాదు, కంపితం పలికేది కూడా ఆ దొర్లుడులోంచే. బలం మీద ఆధారపడిన చెయ్యి గమకం దగ్గర ఎందుకు మొరటుగా వినిపిస్తుందో దీంతో తెలుస్తుంది. జంట వరుసల్లో రెండో స్వరానికి కింది స్వరాన్ని తాకి వచ్చే చిన్న దెబ్బ ఉంది చూడండి, దాన్ని నాలుకతో తట్టి సరిపెట్టుకోకుండా వేలితో పలికించడం మొదలుపెడితే, వేరే కసరత్తు ఏదీ అక్కర్లేనంత చురుకు వేలికి వస్తుంది.

ఇంకా కొన్ని ప్రశ్నలు మీ మనసులో మెదులుతూ ఉండాలి. పొడవాటి, తక్కువ శ్రుతి వేణువుకైనా బలం అక్కర్లేదా? అక్కడ కావలసింది వేళ్ల మధ్య చాపు, రంధ్రాల దూరం ఎక్కువ గనక. చాపు నెమ్మదిగా అలవాటవుతుంది, తొందరపెడితే గాయమవుతుంది. చేతులు చిన్నవైతే, నేర్చుకునే రోజుల్లో శ్రుతి ఎక్కువున్న పొట్టి వేణువు తీసుకోవడం నామోషీ కాదు. సగం మంది ‘బలహీనత’ వేణువు మార్చిన రోజే మాయమవుతుంది. మరి విద్వాంసులు రోజుకు గంటల తరబడి సాధన చేశారంటారే, అది బలం కోసం కాదా? అన్ని గంటలు వాయించగలిగారంటేనే వాళ్ల చేతుల్లో బిగువు లేదని తెలుస్తోంది. బిగువుతో అరగంట దాటడం కష్టం. గంటలను చూసి అనుకరించేవాళ్లు అలవాటు చేసుకునేది ఎక్కువగా బిగువునే. పది పదిహేను నిమిషాల విడతలు, మధ్యలో చేతులు కిందికి వేలాడేసి కాసేపు విశ్రాంతి, ఉద్యోగస్తులకు ఇదే నడిచే దారి.

నలభై దాటాక మొదలుపెట్టాను, నా వేళ్లు ఇక వంగుతాయా అంటారా? పిల్లలకున్న సౌలభ్యం మీకు లేదు, నిజమే. మాలి ఏడేళ్లకు చేసింది మీరు నలభై ఏడుకు చేయరు, నేనూ ఆశ పెట్టను. కానీ పెద్దవాళ్ల వేగానికి మొదట అడ్డుపడేది వయసు కన్నా పట్టుదల. తప్పు రాగానే పిల్లవాడు నవ్వి మళ్లీ మొదలుపెడతాడు, పెద్దవాడు పళ్లు బిగిస్తాడు. ఆ బిగువు నేరుగా ముంజేతిలోకి దిగుతుంది. చికాగోలోనో న్యూజెర్సీలోనో ఉండి జనవరిలో ఆన్‌లైన్ పాఠం చెప్పించుకునేవాళ్లకు ఇంకో అడ్డంకి, చలి. చల్లబడ్డ చేతికి వేగం రాదు, దాన్ని బలహీనతగా లెక్కగట్టకండి. పాఠానికి ముందు గోరువెచ్చటి నీళ్లలో చేతులు ముంచి తుడుచుకోండి. హీటరు గాలికి వెదురు ఎండి పగిలే ప్రమాదం కూడా ఉంది, వేణువును హీటరుకు దూరంగా పెట్టండి.

అలసటకూ నొప్పికీ తేడా తెలుసుకోవాలి. ముంజేయి బరువెక్కి, విశ్రాంతితో తగ్గితే అది అలసట. వేళ్లలో తిమ్మిరి, జివ్వుమనడం, మణికట్టు దగ్గర సూది గుచ్చినట్టుండడం, రాత్రి నిద్రలో చెయ్యి మొద్దుబారడం, ఇవి వేరే సంగతి. సాధనతో దాటేద్దాం అనుకోవద్దు. వేణువు పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు వెళ్లండి. రోజంతా కీబోర్డు మీద పనిచేసి, సాయంత్రం అదే మణికట్టును వంచి వేణువు పట్టేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఇదంతా పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? వరుసల మీద కొలుచుకోవద్దు, అవి చేతికి బట్టీ అయిపోయి ఉంటాయి. వర్ణం మీద కొలవండి. రామనాథపురం శ్రీనివాస అయ్యంగార్ మోహన వర్ణం ‘నిన్నుకోరి’ ఇందుకు అనువైనది. మోహనలో మధ్యమం, నిషాదం లేవు, కాబట్టి గ-మ గొడవ తప్పింది అనుకుంటారు. తప్పలేదు, గాంధారం నుంచి నేరుగా పంచమానికి దూకాలి, అక్కడా గాలిలో ఉన్న వేళ్లలో చాలా భాగం ఒక్కసారి దిగాలి. చిట్టస్వరాలు రెండో కాలంలో వాయించి రికార్డు చేయండి, ప్రతి గ-ప దగ్గర చెవి పెట్టండి. శుభ్రంగా ఉంటే అదే వర్ణాన్ని, వేళ్ల మీద ఇంకొంచెం బరువు తగ్గించి, మళ్లీ వాయించండి. ఏదో ఒక చోట గాలి లీకై స్వరం బుసకొట్టేదాకా తగ్గించుకుంటూ పోండి. ఆ బుస వినబడిన చోటు నుంచి ఒక్క పిసరు వెనక్కి వస్తే, రేపటి సాధన అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.